సగం పెనం

స్ట్రోక్ వచ్చి నా మాట పోయిన ఏడాది మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ చర్చ ఒక పెనం గురించి జరిగింది. మందుల సంగతి డాక్టర్లు చూసుకున్నారు. సెలవుల సంగతి డిపార్ట్‌మెంట్ వాళ్లు చూసుకున్నారు. పెరట్లో ఉన్న గ్యాస్ గ్రిల్ మీద ఎలాంటి పెనం వెయ్యాలన్న సంగతి మాత్రం మాకే మిగిలింది. దానికి జవాబు నాకు తెలుసు. చెప్పడమే చేతకాలేదు.

అప్పుడు మేం యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నేను భూగోళశాస్త్రం చెప్పేవాణ్ణి. నా భార్య తార్నాకలో ఒక స్కూల్లో సైన్స్ టీచరు. ఇల్లు పాతదే గానీ వెనక పెరడు విశాలంగా ఉండేది. ఒక జామచెట్టు, బట్టలారేసే తీగ, చెట్టు కింద ఆ గ్రిల్. పక్క క్వార్టర్‌లో ఉండిన ప్రొఫెసర్ రిటైరై వెళ్లిపోతూ దాన్ని మాకు వదిలేశాడు. చక్రాలున్న పెద్ద పెట్టె లాంటిది. మూత ఎత్తితే ఇనప ఊచలు, ఊచల కింద మూడు బర్నర్లు, ముందు వైపు మూడు ప్లాస్టిక్ నాబ్‌లు, పక్కనే సిలిండర్. వంటిల్లంతా నా భార్యది, గ్రిల్ మాత్రం నాది. ఆదివారం ఆమె చర్చికి వెళ్లి వచ్చేసరికి నేను కోడిముక్కలకు మసాలా పట్టించి, గ్రిల్ వెలిగించి ఉంచేవాణ్ణి. వాసనకి హాస్టల్ నుంచి నా రీసెర్చ్ విద్యార్థులు ఏదో ఒక చాప్టరు సాకుతో దిగేవాళ్లు.

స్ట్రోక్ క్లాసులోనే వచ్చింది. మ్యాపు మీద కృష్ణానది వెంట కర్ర జరుపుతూ మాట్లాడుతున్నాను. కర్ర కింద పడింది. వంగి తీసుకోబోతే చెయ్యి వెళ్లలేదు. పిల్లలకు ఏదో చెప్పాననుకున్నాను గానీ, ముందు వరుసలో ఇద్దరు నవ్వారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాతి సంగతులు వాళ్లు చెబితే తెలిసినవే.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక కాలు కొద్దిరోజుల్లోనే దారికి వచ్చింది. కుడి చెయ్యి సగమే వచ్చింది. మాట రాలేదు. ఎదుటివాళ్లు అనేది నాకంతా అర్థమయ్యేది. నేను అనాల్సిన మాట కూడా లోపల స్పష్టంగా ఉండేది. నోటి దగ్గరకు వచ్చేసరికి అది ఇంకోటయ్యేది. నీళ్లు అడగబోతే "సోమవారం" అనేవాణ్ణి. ఫ్యాన్ వెయ్యమనబోయినా సోమవారమే. ఎందుకు ఆ మాటే పట్టుకుందో డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు. తప్పు మాట వచ్చిందని నా చెవికి తెలిసేది. దిద్దబోతే మళ్లీ అదే వచ్చేది.

మా అక్కది లాలాపేట్. బావ పోయాక కొడుకు దగ్గర ఉంటుంది. నేను ఇంటికొచ్చిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే ఆటోలో వచ్చేది. నా భార్య స్కూలుకి వెళ్లి వచ్చేదాకా ఆమే నా కాపలా. "ఏం గాదురా తమ్మీ, మాటెక్కడికి పోతది, వస్తది" అనేది. వచ్చేదాకా నా బదులు తనే మాట్లాడేది. చూడ్డానికి ఎవరైనా వచ్చి "ఎట్లున్నరు సార్" అని నన్నడిగితే, "మంచిగున్నడు, బువ్వ తింటుండు" అని అక్క చెప్పేసేది. నేను అక్కడే కూర్చుని నా గురించి వింటూ ఉండేవాణ్ణి.

మాటలు నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. బొమ్మలు చూపించి పేర్లు చెప్పించేది. ఒకరోజు నా భార్యతో, "సార్‌కి ఇదివరకు ఇష్టమైన పని ఏదైనా ఉంటే చెయ్యనివ్వండి మేడం. చేతులు పని చేస్తుంటే మాట కూడా కదులుతుంది" అంది. ఆ ఆదివారమే గ్రిల్ మీద గుడ్డ తీశారు.

అది బాగా జరగలేదు. ఎడమచేత్తో పట్టుకారు పట్టుకుని ముక్క తిప్పబోతే అది ఊచల సందులోంచి కిందపడింది. ఇంకోటీ పడింది. కొవ్వు కరిగి మంట ఒక్కసారిగా పైకి లేచి నా చొక్కా చేతికి అంటుకుంది. నా భార్య తడి టవల్ తెచ్చి ఒత్తేసింది. చర్మం కమిలిందంతే. ఆమె మాత్రం సిలిండర్ రెగ్యులేటర్ ఊడదీసి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఊచల బదులు చదునైన పెనం ఉంటే ముక్కలు పడవు, మంట లేవదు. దోశలు పోసుకోవచ్చు, గుడ్లు వేసుకోవచ్చు. ఒంటి చేత్తో అట్లకాడ తిప్పడం పట్టుకారంత కష్టం కాదు. ఇదంతా ఆ రోజే నా బుర్రలో తయారైంది. ఐతే పెనం గ్రిల్ పైభాగమంతా పరుచుకోకూడదు. గ్రిల్ ఇస్తున్నప్పుడు ఆ ప్రొఫెసర్ నాకు మరీ మరీ చెప్పిన మాట అది. పైన మొత్తం మూసేస్తే వేడి పోవడానికి దారి ఉండదు, కిందికి తిరిగి నాబ్‌లనూ గ్యాస్ పైపునూ కాలుస్తుంది. సగం మేరకే పెనం ఉండాలి, మిగతా సగం ఊచలు తెరిచి ఉండాలి. నేను చెప్పాల్సింది ఒక్క మాట, "సగం" అని.

ఎడమచేత్తో కాగితం మీద గీశాను. దీర్ఘచతురస్రం, మధ్యలో ఒక గీత. గీతకి ఒక పక్క పెన్సిల్‌తో నల్లగా నింపాను. ఇరవై ఏళ్లు బోర్డు మీద ఖండాలు గీసిన చెయ్యి కుడిది. ఎడమది గీసింది గీతలు కాదు, వంకర్లు.

"కిటికీనా?" అంది నా భార్య.

అక్క కాగితం తీసుకుని దూరంగా పెట్టి చూసింది. "తలుపు. ఉక్కపోస్తున్నదేమో, తలుపు దెరువుమంటుండు."

తలుపు తెరిచారు. గాలి బాగానే వచ్చింది. ఇక ఓపిక లేక ఆ గాలికే కూర్చున్నాను.

మర్నాడు వంటింట్లోకి వెళ్లి రొట్టెల పెనం తీసుకుని పెరట్లోకి నడిచాను. అక్క కంగారుగా వెనకే వచ్చింది. పెనాన్ని గ్రిల్ ఊచల మీద పెట్టి చూపించాను. ఈసారి అర్థమైంది. సాయంత్రం నా భార్య స్కూలు నుంచి రాగానే అక్క గుమ్మంలోనే చెప్పింది, "పెనం గావాల్నట వానికి. గాడ పెట్టుకొని వండుకుంటడట." ఇద్దరూ సంతోషపడ్డారు. నేనైతే ఏడ్చినంత పని చేశాను.

తర్వాతి రోజు అక్క తన ఇంటి నుంచి జొన్నరొట్టెల పెనం తెచ్చింది. అది గుండ్రం, మధ్యలో పల్లం. ఊచల మీద పెడితే ఒకచోట నిలబడలేదు. ముట్టుకుంటే జారింది. నా భార్య టేపు తెచ్చి గ్రిల్ పొడవూ వెడల్పూ కొలిచింది. "దీనికి సరిగ్గా సరిపోయేది తెచ్చుకుందాం" అంది. ఆమె కొలుస్తున్నది మొత్తం పైభాగాన్ని. నేను చెయ్యి అడ్డంగా ఆడించి మధ్యలో కోస్తున్నట్టు చూపించాను.

"కొలవొద్దా? పెనం వద్దా?"

తల అడ్డంగా ఊపాను. కిందికీ మీదికీ కూడా ఊపాను. ఏది దేనికో నాకే తప్పిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనంలో అక్క రొట్టె వడ్డించింది. దాన్ని అటూ ఇటూ లాగి సరిగ్గా సగానికి చింపి, ఒక ముక్క అక్కకి చూపించి, వేలితో పెరటివైపు చూపించాను.

"సగమే తింటవా? సరే, తిను. మిగిలింది నేను తింట" అంది అక్క. నాకు కావలసిన మాట ఆమె నోట్లోంచి వచ్చి, రొట్టెతో పాటు లోపలికి పోయింది. అట్లా రెండు మూడు పూటలు రొట్టెలు చింపాను. తమ్ముడికి ఆకలి తగ్గిందని అక్క మా ఆవిడతో చెప్పి బాధపడింది.

శనివారం నేనూ నా భార్యా తార్నాకలో హోటళ్ల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాం. మెయిన్ రోడ్డు నుంచి లోపలి సందులో ఉంటుంది. గుమ్మం ముందు నుంచే ఇడ్లీ పాత్రలు, టీ డేగిసాలు, గరిటెలు వేలాడుతుంటాయి. యజమాని నా భార్య చెప్పింది విని నావైపు చూసి, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా, "దోసెల ప్లేటా సార్? ఎంత సైజు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు నా భార్య కొలతలు చెప్పింది.

అతను చుట్టూ అంచున్న మందపాటి ఇనప పలక ఒకటి ఇద్దరు పనివాళ్లతో మోయించి తెచ్చి కౌంటర్‌కి ఆనించాడు. పొడవూ వెడల్పూ గ్రిల్‌కి అచ్చంగా సరిపోయేది. మా ఆవిడ మొహం విప్పారింది. కానీ నేను కావాలనుకున్నది ఇడ్లీ పాత్రల వెనక గోడకి ఆనించి ఉంది. చిన్నది, సరిగ్గా సగం మేరకు వస్తుంది, నూనె కారకుండా చుట్టూ అంచు కూడా ఉంది. వెళ్లి దానిమీద ఎడమచెయ్యి వేసి నిలబడ్డాను.

"అది చిన్నది సార్. ఇంట్ల స్టవ్ మీదికి" అని అరిచాడు దుకాణదారు. "మీ గ్రిల్లుకు గిది పర్ఫెక్ట్ ఉంటది."

నేను చెయ్యి తియ్యలేదు. నా భార్య దగ్గరికి వచ్చింది. ఆమెకి తొందరపాటు లేదు. మాటలు నేర్పే అమ్మాయి చెప్పినట్టే, అవును కాదు అని జవాబు చెప్పగలిగేలా అడిగింది. పెద్ద పలక వైపు వేలు చూపించి, "ఏవండీ, మీకు కావలసింది అదేనా?" అంది.

కాదు అనాలి. రెండక్షరాలు. లోపల అదే అన్నాను కూడా.

"ఆ" అన్నాను.

నా చెవులతో నేనే విన్నాను. గబగబా తల అడ్డంగా ఊపాను. ఆమె సందేహంగా చూసింది. "ఆ అంటున్నారు, తలేమో అట్లా ఊపుతున్నారు. సరిగ్గా చెప్పండి. అదేనా?"

"ఆ, ఆ."

"సార్ ఆ అన్నరు గద మేడం" అన్నాడు దుకాణదారు. "నా ముంగటనే రెండుసార్లన్నరు."

అవునూ కాదూ కూడా తారుమారవుతాయని అప్పటికి మా ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి తర్వాత చెప్పింది, ఇలాంటి జబ్బులో అది మామూలేనని. ఆ క్షణంలో మాత్రం నా నోరే నామీద సాక్ష్యం చెప్పింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా భార్య అది చూసింది. ఇన్నాళ్లకు కావలసింది దొరికిందని సంతోషం అనుకుంది. నా భుజం మీద చెయ్యి వేసి, "తీసుకుందాం లెండి, ఎందుకు ఏడవడం" అంది. ఆ పెద్ద పలకను ఆటో వెనక పెట్టించుకుని ఇంటికొచ్చాం. దారంతా ఆమె నా చెయ్యి వదల్లేదు. నాకు ఆ ప్రేమను వద్దనడానికి మాట లేదు, సైగ కూడా లేదు.

మర్నాడు ఆదివారం. ఆమె చర్చి నుంచి త్వరగా వచ్చేసింది. అక్క దోశల పిండి గిన్నె పట్టుకుని వచ్చింది. బీరువాలోంచి రెగ్యులేటర్ బయటికి వచ్చింది. ఊచలు తీసి పలక దించారు. ఒక్క సందు లేకుండా అంచు నుంచి అంచుకు కూర్చుంది. "కొలిచి చేయించినట్టుంది కదూ వదినా" అని నా భార్య మురిసిపోయింది.

మూడు బర్నర్లూ వెలిగించబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాను. "సోమవారం" అన్నాను. "సోమవారం, సోమవారం."

"ఇయ్యాల ఐతారం రా తమ్మీ" అని అక్క నవ్వి, నన్ను తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. నన్ను కూర్చోబెట్టడం అప్పట్లో ఎవరికైనా తేలికే.

పలక వేడెక్కడానికి చాలాసేపు పట్టింది. ఇనుము మందం కదా అని వాళ్లు మంట పెంచారు. ముందు నాకు వాసన తగిలింది. ప్లాస్టిక్ వాసన. తర్వాత కనిపించింది, మధ్య నాబ్ మైనంలా కిందికి వంగుతోంది. లేచి వేలు చూపించాను. నా భార్య కూడా అప్పుడే చూసి మంట ఆర్పుదామని నాబ్ పట్టుకుంది. అది ఆమె వేళ్లకు అంటుకుని ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆమె కేక వేసింది. అక్క చేతిలోని పిండి గిన్నె జారి గడ్డిలో పడింది. నేను గ్రిల్ చుట్టూ తిరిగి సిలిండర్ దగ్గరికి వెళ్లాను. కాలు కొంచెం తడబడింది. ఎడమచేత్తో రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ కట్టేశాను. మంట ఇంకా కాసేపు పలక కింద నీలంగా ఉండి ఆరిపోయింది.

జామచెట్టు దగ్గర కుళాయి కింద నా భార్య వేళ్లు పట్టుకుని నిలబడ్డాను. నీళ్లు పడుతూనే ఉన్నాయి. కాసేపటికి అక్క గడ్డిలో పిండి ఎత్తుతూ, "గా ప్రొఫెసరు ఖరాబు సామాను మనకంటగట్టి పోయిండు. ఎవరికన్న ఇచ్చెయ్యుండ్రి" అంది. ఆయనది తప్పు లేదని, అంతా చెప్పే ఇచ్చాడని నేను ఆమెకి చెప్పలేకపోయాను.

సాయంత్రం, పలక చల్లారాక, నా భార్య వేళ్లకు మందు రాసుకుని పెరట్లోకి వచ్చింది. నేనప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాను. ఆమె గ్రిల్ ముందు వంగి పలక అంచుల వెంట చూసింది. కింద నల్లబడ్డ చోట చూసింది. స్కూల్లో ఏడో తరగతికి ఆమె చెప్పే పాఠమే అది.

"వేడి పైకి పోవడానికి దారి లేదు. అందుకే ముందుకి తన్నింది. అవునాండీ?"

"కాదు" అన్నాను.

ఆమె తల తిప్పుకోబోయింది. మళ్లీ ఆగి నా మొహంలోకి చూసింది. చాలాసేపే చూసింది. ఆ వారాలన్నీ వాళ్లు నా నోటినే చూశారు. అందులోంచి ఏం వస్తుందా అని ఎదురుచూశారు.

"కాదంటున్నారు గానీ, మీ మొహం అట్లా లేదు" అంది. లోపలికి వెళ్లి ఆ రోజు పేపరు తెచ్చింది. "మీరేం మాట్లాడకండి. నోరసలు తెరవొద్దు. నన్ను చూడండి, చాలు."

పలక మీద పేపరు మొత్తం పరిచి నన్ను చూసింది. తర్వాత పేపరు సగానికి మడిచి ఒక పక్కకి జరిపి మళ్లీ నావైపు చూసింది. నా మొహం ఏం చేసిందో నాకు తెలియదు. ఆమె మాత్రం, "సగం" అంది.

దానికోసం రోజుల తరబడి కాగితాలు గీశాను, రొట్టెలు చింపాను. ఆమె అలా మామూలుగా అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు. శబ్దం విని అక్క బయటికొచ్చింది. నా భార్య మడిచిన పేపరు చూపించి చెప్పింది. అక్క గుమ్మంలోనే కూలబడింది.

"గింతేనా?" అంది. "ఇన్ని దినాల సంది గిందుకేనా వాడు రొట్టెలు చింపింది? నేనేమో కూసోని తిన్న." కొంగుతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో మాకు తెలియలేదు.

దుకాణానికి మళ్లీ వెళితే, ఆ చిన్నది టిఫిన్ బండి పెట్టుకునేవాళ్లెవరో తీసుకుపోయారట. కాలి నల్లబడ్డ పెద్దదాన్ని అతను వెనక్కి తీసుకోనన్నాడు. చివరికి లాలాపేట్‌లో వెల్డింగ్ షాపులో దాన్ని సగానికి కోయించాం. కోసినవైపు అంచు లేదు. నూనె అటే జారి కారుతుంది. కిందపడి చిన్న చిన్న మంటలు లేస్తాయి. అందుకని ఆ వైపు నాలుగు వేళ్ల మేర వదిలేసి వండాలి. నాబ్‌లు స్టవ్ రిపేరు చేసేవాళ్ల దగ్గర దొరికాయి గానీ మూడూ ఒక రంగువి దొరకలేదు.

దోశ పొయ్యడం నా భార్య పని, తిప్పడం నాది. ఎడమచేత్తో మొదట్లో అన్నీ చిరిగిపోయేవి. చిరిగినవే తినేవాళ్లం. మాటలు నేర్పే అమ్మాయి కూడా ఒక ఆదివారం వచ్చింది. "ఇదేంటి సార్? ఇదేంటి?" అని అట్లకాడా ఉల్లిపాయా చూపించి అడుగుతుంటే, దోశ మాడుతున్న తొందరలో నేను "తియ్" అన్నాను. దోశకి అడ్డంగా ఉన్న గిన్నె తియ్యమనే అన్నాను. ఆ అమ్మాయి గిన్నె తీసింది. అప్పుడు గానీ మాకెవరికీ తట్టలేదు, అది సరైన మాట అని. అట్లా ఒక్కొక్కటే వచ్చాయి. ఉప్పు వచ్చింది. నూనె చాలా ఆలస్యంగా వచ్చింది. అవునూ కాదూ చలికాలానికి వాటి వాటి చోట్లకు చేరాయి.

వచ్చినవి పాఠం చెప్పడానికి చాలలేదు. సెలవు అయిపోయాక ఒకరోజు క్లాసుకి వెళ్లాను. మ్యాపు ముందు నిలబడి నదుల పేర్లు చెప్పగలిగాను. ఒకమ్మాయి లేచి ప్రశ్న అడిగింది. మంచి ప్రశ్న. జవాబు నాకు పూర్తిగా తెలుసు. పిల్లలు చాలాసేపు ఓపిగ్గా కూర్చున్నారు. ఆ ఓపికే నేను తట్టుకోలేకపోయాను. ఆ ఏడాదే స్వచ్ఛందంగా రిటైరయ్యాను. క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు రామంతాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాం. బాల్కనీలో గ్యాస్ గ్రిల్ పెట్టొద్దని అసోసియేషన్ సెక్రటరీ మర్యాదగానే చెప్పాడు. గ్రిల్ క్వార్టర్‌లోకి మా తర్వాత వచ్చినవాళ్లకు వదిలేశాం. పెనం మాతో వచ్చింది. వంటింటి స్టవ్ మీద పెడితే రెండు పొయ్యిలనూ కప్పేస్తుంది. ఆదివారం పొద్దున నేను దాన్ని ఎడమచేత్తో ఈడ్చుకుంటూ తెస్తుంటే, చర్చికి తయారవుతున్న నా భార్య గదిలోంచే అంటుంది, "ముందు పాలు కాగనివ్వండి. తర్వాత మీ ఇష్టం." నేను పెనాన్ని గోడకి ఆనించి, పాలు పొంగేదాకా పక్కన నిలబడతాను.